పైపు దగ్గర బిందెలు

ఆ రోజు ముందు గేటుకు అడ్డంగా ఒక లారీ చెడిపోయి నిలిచింది. లేకపోతే యూనీస్ ఎప్పటిలాగే రోడ్డు మీదికి వచ్చి, షర్బత్ తాగి, ఆఫీసుకు వెళ్ళిపోయేది. వెనక సందులో ఏం జరుగుతోందో ఆమెకు ఇంకెన్నాళ్ళకు తెలిసేదో.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్ళే దారిలో, రెండు లాడ్జీల మధ్య మూతపడిన పెట్రోలు బంకు అది. నేలలో పాతిన ట్యాంకు తుప్పుపట్టి చిల్లు పడింది. పెట్రోలు ఎంతకాలంగా భూమిలోకి దిగుతోందో ఎవరికీ తెలియదు. లాడ్జీలో స్నానానికి బోరు నీళ్ళ నల్లా తిప్పిన ఒక మనిషి ఆ వాసనకు కళ్ళు తిరిగి పడిపోయాకే సంగతి బయటపడింది. యూనీస్ కాలుష్యాన్ని అదుపు చేసే ప్రభుత్వ విభాగంలో ఇంజినీరు. ఆమె ఆఫీసు బషీర్‌బాగ్‌లో. బంకు మూయించడం, చుట్టుపక్కల బోర్లకు సీలు వేయించడం, యజమాని చేత నేలను శుభ్రం చేసే పని మొదలుపెట్టించడం, అన్నీ ఆమె చేతుల మీదుగానే జరిగాయి.

ఇప్పుడు ఆ ఆవరణలో మోటార్లు పగలూ రాత్రీ భూమిలోని నీళ్ళను పైకి తోడుతున్నాయి. ఆ నీళ్ళను ఎత్తైన టవరు పై నుంచి కిందికి చిమ్మి, ఎదురుగా గాలి కొట్టించి పెట్రోలు ఆవిరిని విడగొడతారు. తర్వాత బొగ్గు నింపిన పెద్ద డ్రమ్ముల గుండా పంపుతారు. అలా శుద్ధి చేసిన నీళ్ళను వెనక సందులోని వాననీటి మోరీలోకి వదలొచ్చని అనుమతి రాసింది యూనీసే. ఏ రసాయనం ఎంతకు మించకూడదో అందులో వివరంగా ఉంది. మోరీ వెళ్ళి నాలాలో, నాలా వెళ్ళి మూసీలో కలుస్తుంది. మూసీలోకి పోయే నీటికి ఎంత శుద్ధి చాలో అంత శుద్ధి చేయమని ఆమె రాసింది.

నెలనెలా వచ్చి ఆవరణ లోపలున్న కుళాయి దగ్గర సీసాల్లో నమూనా పట్టుకునేది. ఫలితం ప్రతిసారీ హద్దుకు లోపలే వచ్చేది. ఇంత చక్కగా నడుస్తున్న పని తన పరిధిలో మరొకటి లేదని యూనీస్‌కు లోలోపల గర్వంగానే ఉండేది.

ఆ మే నెల మధ్యాహ్నం నమూనా సీసాలను ఐసుపెట్టెలో సర్దుకుని ముందు గేటు దగ్గరికి వస్తే, లారీ కదలడానికి ఇంకా చాలాసేపు పడుతుందన్నారు. అక్కడి పని చూసే కాంట్రాక్టు ఇంజినీరు రాజేందర్ వెనక తలుపు గడియ తీసిచ్చాడు.

"ఇటు నుంచి వెళ్ళండి మేడమ్. సందు తిరిగితే మళ్ళీ రోడ్డే."

తలుపు దాటగానే బిందెలు కనిపించాయి. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలు, పాల క్యాన్లు, పెయింటు డబ్బాలు గోడ పొడుగునా వరసగా ఉన్నాయి. వాటి వెంట ఆడవాళ్ళు కొంగు నెత్తిన కప్పుకుని నిలబడ్డారు. మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చిందేమో అనుకుంది యూనీస్. ట్యాంకరు ఎక్కడా లేదు. వరస ఎక్కడ మొదలవుతోందో చూస్తూ రెండడుగులు వేసింది.

బంకు గోడలోంచి మోరీలోకి దిగాల్సిన పైపు మోరీలోకి దిగడం లేదు. దాని చివర పక్కకి వంపు తిరిగిన కొత్త బెండు బిగించి ఉంది. బెండుకు తెల్లటి గుడ్డ వడకట్టులా కట్టి ఉంది. గుడ్డలోంచి నీళ్ళు తళతళలాడుతూ ఒక బిందెలో పడుతున్నాయి.

"అరె, మేడమ్! మీరు గీడికొచ్చిన్రేంది?"

వరసలో ముందున్న మనిషి శంకరమ్మ. మెయిన్ రోడ్డు మీద నిమ్మకాయ షర్బత్ బండి ఆమెది. యాభై దాటిన మనిషి, కల్వకుర్తి వైపు నుంచి కూలికి వచ్చి పట్నంలో స్థిరపడింది. నమూనా పట్టిన ప్రతిసారీ యూనీస్ ఆమె దగ్గర ఆగేది. ఎండలు ముదిరాక నమూనా పని లేకపోయినా, ఆబిడ్స్‌లో ఏ పని ఉన్నా, స్కూటీ ఆ బండి దగ్గరికే పోయేది.

శంకరమ్మ పక్కన ఆమె షర్బత్ క్యాను ఉంది. ఎర్ర మూత, మీద అతికించిన నిమ్మకాయ బొమ్మ. క్యాను సగం నిండింది.

"ఈ నీళ్ళు..." అంది యూనీస్. "ఈ నీళ్ళు దేనికి పడుతున్నరు?"

"దేనికేంది మేడమ్? అన్నిటికీ గివే. మా బోరుకు మీరు సీలేసిన్రు. నల్లా దినం తప్పి దినమొస్తది, వచ్చినా రెండు బిందెలు నిండవు. ఇగ దేవుడిచ్చినట్టు గీ పైపు దొరికింది." శంకరమ్మ వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది. "నేను చెప్పలె? గీ మేడమే. నీళ్ళు మంచిగున్నయని చెప్పింది ఈమెనే."

వరసలోని ఆడవాళ్ళు యూనీస్ వైపు చూసి నవ్వారు. ఒకామె దండం పెట్టింది.

"నేనా? నేనెప్పుడు చెప్పిన?"

"అగో, మర్చిపోయిన్రా? నా బండి కాడ నిలబడి షర్బత్ తాగుకుంట ఫోన్ల మాట్లాడలె? నీళ్ళు మస్తు క్లీనుగున్నయి, రిపోర్టు మంచిగొచ్చింది, భయపడేదేం లేదు అన్నరు. నా చెవులతోని ఇన్న. గప్పటి సంది ధైర్యంగ తాగుతున్నం."

ఆ ఫోను గుర్తొచ్చింది. అవతల ఉన్నది రాజేందర్. తను చెప్పింది మోరీలోకి వదిలే నీళ్ళ గురించి. హద్దు దాటలేదు, జరిమానా భయం లేదు అన్న అర్థంలో.

"ఆగండి. ఎవరూ పట్టకండి!" అని అరిచింది యూనీస్. "ఇవి తాగే నీళ్ళు కావు. పారబోయండి. అందరూ పారబోయండి!"

ఎవరూ కదలలేదు. వాళ్ళ ముఖాల మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, లోపల మాత్రం ఏదో ఆగిపోయింది. శంకరమ్మ వెనక నిలబడ్డ కోడలు నవత మెల్లగా అడిగింది.

"గట్లంటరేంది మేడమ్? నా కొడుక్కి పాలపొడి గీ నీళ్ళతోనే కలుపుతున్న."

ఆమె చంకలో ఉన్న పిల్లవాడికి ఏడాది కూడా నిండి ఉండదు. తల్లి గాజులు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. యూనీస్ వాడి వైపు చూడలేక క్యాను వైపు చూసింది. అప్పుడు తట్టింది ఆమెకు. తను తాగిన షర్బత్ అంతా ఆ క్యానులోదే. తను తాగడమే కాదు, కూతురు జెర్లిన్‌కు ఇష్టమని సీసాలో పోయించుకుని ఇంటికి కూడా తీసుకెళ్ళింది. మొన్న కూడా తీసుకెళ్ళింది.

వచ్చిన తలుపులోంచే మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

"వెనక పైపు ఆపండి రాజేందర్. ఇప్పుడే."

"మేడమ్, మోటార్లు ఆపితే భూమిలో ఉన్న పెట్రోలు నీళ్ళు స్టేషన్ వైపు జారిపోతాయి. అది మీరే చెప్పారు కదా."

"మోటార్లు ఆపొద్దు. ఆ ఖాళీ ట్యాంకులోకి మళ్ళించండి. అది నిండేలోపు ఇంకేదో చూద్దాం. బయటికి మాత్రం ఒక్క చుక్క పోవద్దు."

అతను వాల్వు తిప్పాడు. గోడ అవతల నుంచి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. నీళ్ళు ఆగిపోయాయని కేకలు.

"వాళ్ళు పట్టుకుంటున్నారని మీకు తెలుసా?" అని అడిగింది యూనీస్.

రాజేందర్ తల వంచుకున్నాడు. మంచి కుర్రాడు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు. ఆమె అతన్ని ఎన్నోసార్లు మెచ్చుకుంది.

"తెలుసు మేడమ్. మోరీలోకి వంగి చెంబులతో పట్టుకుంటున్నారు, ఒక ముసలామె జారి పడింది కూడా. చూడలేక ఆ బెండు నేనే బిగించాను. రిపోర్టు బాగుంది కదా అని..."

ఆమె అతన్ని తిట్టలేకపోయింది. తిట్టడానికి నోరు తెరిస్తే మాటలు తన మీదికే వస్తున్నాయి.

బయట పైపు చివర మిగిలిన నీళ్ళను, శంకరమ్మ క్యానులోని నీళ్ళను విడివిడిగా సీసాల్లో పట్టుకుని ఆమె లాబొరేటరీకి వెళ్ళింది. తొందరగా కావాలని బతిమాలింది. బెంజీన్ చూడమంది. పెట్రోలులో ఉండే రసాయనం అది. రంగు ఉండదు. కాస్త కలిస్తే వాసన కూడా తెలియదు. ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే రక్తాన్ని చెడగొడుతుంది. ఈ మాటలన్నీ ఆమె శిక్షణ తరగతుల్లో ఎంతోమందికి చెప్పింది.

సాయంత్రం సికింద్రాబాద్‌లోని ఇంటికి వెళ్ళేసరికి జెర్లిన్ ఎదురొచ్చి బ్యాగు వెతికింది. "మమ్మీ, షర్బత్ తేలేదా?"

యూనీస్ కూతుర్ని దగ్గరికి లాక్కుని కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. అలా చూస్తే ఏమీ తెలియదని ఆమెకు తెలుసు. అయినా గోళ్ళు చూసింది, నాలుక చూసింది. పిల్ల నవ్వుతూ విడిపించుకుంది. వంటింట్లోంచి చూస్తున్న యూనీస్ తల్లి ప్రేమలీల చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందమ్మా, ముఖం అట్లుంది?"

యూనీస్ చెప్పింది. ప్రేమలీల పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఆమె మెదక్‌లో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి. ఇలాంటి వార్తలు ఇతరులకు ఎన్నో చెప్పి ఉంటుంది.

"పాప గూడనా?" అంది చివరికి.

"పాప గూడ."

మర్నాడు లాబొరేటరీ నుంచి ఫోను రాకముందే రాజేందర్ ఫోను చేశాడు. ఫలితం అతనికి కూడా పంపమని తనే చెప్పింది.

"మేడమ్, మనం సేఫ్! అనుమతిలో రాసిన హద్దుకు లోపలే ఉంది. చాలా లోపల."

"తాగే నీళ్ళ హద్దు ఎంతో చూశారా?"

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు. ఆ తర్వాత రాజేందర్ అంకెను మెల్లగా చదివి వినిపించాడు. మోరీకి మంచివైన ఆ నీళ్ళలోనే, తాగే నీటిలో ఉండదగిన దానికంటే బెంజీన్ ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది.

యూనీస్‌ను కుదిపేసింది ఆ అంకె కాదు. ఎవరూ ఏ తప్పూ చేయలేదన్న సంగతి. డ్రమ్ముల్లో బొగ్గు వేళకు మార్చారు. నమూనాలు వేళకు తీశారు. హద్దు దాటలేదు. అంతా సక్రమంగా జరిగింది, వెనక సందులోని బస్తీ మొత్తం పెట్రోలు నీళ్ళు తాగింది.

పై అధికారి విద్యావతి గదిలోకి వెళ్ళి రెండు ఫలితాలూ బల్ల మీద పెట్టింది. విద్యావతి అద్దాలు సవరించుకుని చదివింది. రిటైరుమెంటుకు దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచదు.

"కాంట్రాక్టరు మీద నోటీసు రాద్దామంటావా?"

"అతను ఏ షరతూ తప్పలేదు మేడమ్."

"మరి ఎవరి మీద?"

"షరతు రాసింది నేను. నీళ్ళు ఎంత శుభ్రంగా ఉండాలో రాశాను. వాటిని ఎవరూ ముట్టుకోకుండా చూడాలని రాయలేదు. వాళ్ళ బోర్లు మూయించాను. బదులుగా నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో అడగలేదు."

విద్యావతి కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "షరతు మారుద్దాం. పైపు మూసెయ్. అక్కడ బోర్డు పెట్టించు. కానీ బస్తీలోకి వెళ్ళి కూర్చోబెట్టి చెప్పకు యూనీస్. భయంతో సగం మంది జబ్బు పడతారు. కొన్నాళ్ళు తాగితే ఏమవుతుందో మనకే సరిగ్గా తెలియదు. తెలియనిదాన్ని ఏమని చెబుతావ్?"

"తెలియదనే చెబుతాను మేడమ్."

"పేపర్లకెక్కుతుంది."

"నేను కూడా తాగాను మేడమ్. నా కూతురు తాగింది."

విద్యావతి చేతిలోని కాగితం కింద పెట్టింది. ఇక వెళ్ళొద్దని అనలేదు. వెళ్ళమని కూడా అనలేదు.

ఆ సాయంత్రం యూనీస్ బస్తీకి వెళ్ళింది. రాజేందర్ వస్తానన్నాడు, వద్దన్నా వచ్చాడు. ఇళ్ళ మధ్య కాస్త ఖాళీ జాగాలో మనుషులు గుమిగూడారు. అప్పటికే నీళ్ళు ఆపేసినందుకు కోపంగా ఉన్నారు. యూనీస్ దాచకుండా చెప్పింది. ఆ నీళ్ళు ఎక్కడివో, అందులో ఏముందో, ఆ రోజు ఫోనులో తను అన్న మాటకు అసలు అర్థం ఏమిటో చెప్పింది.

మొదట ఎవరికీ ఎక్కలేదు. తర్వాత ఒక్కొక్కరికే ఎక్కడం కనిపించింది. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక ముసలాయన కూర్చున్నచోటు నుంచి లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు మళ్ళీ కూర్చున్నాడు. నవత పిల్లవాడిని గట్టిగా పట్టుకుంది. ఉక్కిరిబిక్కిరై వాడు ఏడ్చాడు.

"తెల్లగుండె గదా నీళ్ళు," అంది ఎవరో. "వాసన గూడ లేకుండె."

"మరి మీరే మంచిగున్నయన్నరు!" అంది నవత. "మా అత్త మీ మాటే చెప్పింది. మీరే అన్నరు!"

"ఔ. అన్న. నీళ్ళు మోరీల పోసేటందుకు మంచిగున్నయన్న. మీరు తాగుతున్నరని నాకు తెల్వదు. తెలుసుకోవాల్సింది నేనే. తెలుసుకోలేదు."

అందరికంటే వెనక, గోడకు ఆనుకుని శంకరమ్మ నిలబడి ఉంది. ఇప్పుడు ముందుకొచ్చింది.

"మీరు గూడ తాగిన్రు గద?"

"తాగిన."

"మీ బిడ్డకు గూడ తీస్కపోతుంటిరి. నేనే పోసిన. నా చేతులతోని." శంకరమ్మ తన చేతులు ముందుకు చాచి చూసుకుంది. "ఎంతమందికి పోసిన నేను! స్టేషన్‌కు పోయేటోళ్ళు, కాలేజీ పోరగాండ్లు, ఆటోలోళ్ళు... వాళ్ళందరిని యాడ దేవులాడి చెప్పాలె ఇప్పుడు? ముఖాలు గూడ యాదికి లేవు."

యూనీస్ ఆమె చేయి పట్టుకోబోయింది. శంకరమ్మ చేయి వెనక్కి తీసుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాతి వారం ప్రభుత్వ దవాఖాన నుంచి డాక్టర్లు వచ్చి అందరికీ రక్తం పరీక్షలు చేశారు. యూనీస్ జెర్లిన్‌ను తీసుకుని ఆ వరసలోనే నిలబడింది. ఇప్పటికి ఎవరి రక్తంలోనూ తేడా కనిపించలేదని డాక్టరు చెప్పాడు. తాగింది కొన్ని నెలలే కాబట్టి పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చన్నాడు. ఏమీ కాదని రాసిస్తారా అని నవత అడిగితే, అలా ఎవరూ రాసివ్వలేరమ్మా, ఏటా ఒకసారి పరీక్ష చేయించుకోండి అన్నాడు. ఆ మాట విన్నాక ఇంటికి వెళ్ళే దారంతా యూనీస్ కూతురి చేయి వదల్లేదు.

షరతు మారింది. శుద్ధి చేసిన నీళ్ళు ఇకమీదట నేల కింద మూసిన పైపులోనే మురుగు లైనులో కలవాలని, మధ్యలో ఎక్కడా చేయి పట్టేంత నోరు ఉండకూడదని యూనీస్ రాసింది. ఆ పైపు వేసేదాకా నీళ్ళను ట్యాంకర్లలో తరలించారు. బోర్లు మూసినచోట బంకు యజమాని రోజూ తాగునీటి ట్యాంకరు పంపాలన్న షరతు కూడా చేర్చింది. అతను మొదట ఒప్పుకోలేదు. విద్యావతి అతన్ని పిలిపించి, గొంతు పెంచకుండానే, ఒప్పించింది.

శంకరమ్మ బండి చాలా రోజులు రోడ్డు మీదికి రాలేదు. వార్త పేపర్లో వచ్చాక ఆ వీధిలో ఎవరూ చల్లని నీళ్ళు కొనలేదు. తర్వాత ఆమె మొజంజాహీ మార్కెట్ దగ్గర కోడలితో కలిసి జామకాయలు అమ్ముతోందని తెలిసింది. యూనీస్ ఒకసారి వెళ్ళింది. శంకరమ్మ ఆమెను చూసింది, గుర్తుపట్టింది, తల తిప్పుకోలేదు. "పోరడు మంచిగున్నడు," అని మాత్రం చెప్పి, వేరే బేరంలో పడిపోయింది.

ఆ రోజే ఆఫీసుకు వెళ్ళి యూనీస్ తన పరిధిలో ఇలాంటి పని నడుస్తున్న మిగతా చోట్లు గుర్తు చేసుకుంది. గౌలిగూడలో పాత లారీ షెడ్డు ఒకటి ఉంది. అక్కడ డీజిలు భూమిలోకి దిగింది. అక్కడి నీళ్ళు కూడా శుద్ధి చేసి మోరీలోకే వదులుతున్నారు. అనుమతిలో షరతులు తను రాసినవే. నాంపల్లి బంకు కాగితంలోంచి యథాతథంగా దించినవి.

స్కూటీ తీసి వెంటనే బయల్దేరింది. షెడ్డు ముందు గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ఆమె లోపలికి వెళ్ళలేదు. ప్రహరీ పక్కనుంచి నడుస్తూ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఎవరూ ఉండరని, ఉండకూడదని మనసులో ప్రార్థిస్తూ నడిచింది.

పైపు ముందు ఇద్దరు ఆడవాళ్ళు గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కన తడి గోనె మీద కొత్తిమీర, పుదీనా, పాలకూర కట్టలు కుప్పగా ఉన్నాయి. ఒక్కో కట్టనూ ధార కింద పెట్టి మట్టి పోయేదాకా కడిగి, నీళ్ళు విదిలించి బుట్టలో పేరుస్తున్నారు. సగం బుట్ట నిండింది. ఆకుల మీద నీటి చుక్కలు మెరుస్తున్నాయి.

యూనీస్ వెళ్ళి వాళ్ళ పక్కనే, తడి నేల మీద కూర్చుంది.

"అక్కా, జర చేతులాపుండ్రి," అంది. "గీ నీళ్ళ సంగతి మీకొకటి చెప్పాలె."